ఇన్వర్టర్ సర్క్యూట్‌ను మోడలికాలో రాయడం గురించి: ఆగిపోయే డయోడ్, వేడెక్కే హీట్‌సింక్, స్పైస్‌కు మిగిలే పని

మీరు మోటారును, గేరును, హీట్‌సింక్‌ను భౌతిక వ్యవస్థలను సమీకరణాలతో వర్ణించే భాష అయిన మోడలికాలో ఇప్పటికే రాసుకున్నారు. ఇప్పుడు 300 వోల్టుల డీసీ బస్సును, ముందుండి ఏసీని డీసీగా మార్చే డయోడ్ బ్రిడ్జిని, డీసీని తిరిగి ఏసీగా మార్చే మూడు ఫేజుల ఇన్వర్టర్‌ను కూడా అందులోనే పెట్టాలనుకుంటూ మూడు ప్రశ్నలు అడిగారు. సొంతంగా రాసిన డయోడ్ సమీకరణంతో బ్రిడ్జి కట్టగానే సిమ్యులేషన్ మొదటి క్షణంలోనే ఎందుకు ఆగిపోతోంది? లైబ్రరీలోని ఆదర్శ డయోడ్లు, స్విచ్చులు పెడితే నడుస్తోంది గానీ, స్విచ్చులన్నీ ఆఫ్‌లో ఉండి మోటారు ఆగి ఉన్నప్పుడు కూడా హీట్‌సింక్ ఎందుకు వేడెక్కుతోంది? ఇక సర్క్యూట్లను సిమ్యులేట్ చేసే ప్రోగ్రాం స్పైస్‌ను పూర్తిగా వదిలేయవచ్చా?

మొదటి రెండు ప్రశ్నలకు సమాధానం దొరికితే మూడోదానికి సగం సమాధానం దొరికినట్టే. అందుకే వాటిని కొంచెం లోతుగా చూద్దాం.

ముందుగా ఈ రెండు సాధనాలూ ఏ అవసరం కోసం పుట్టాయో గుర్తు చేసుకోవాలి. స్పైస్ 1970ల మొదట్లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, డోనల్డ్ పెడర్సన్ మార్గదర్శకత్వంలో లారెన్స్ నాగెల్ రాసిన ప్రోగ్రాం. 1973లో బయటికి వచ్చింది. ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లను తయారు చేయకముందే పరీక్షించుకోవడం దాని లక్ష్యం. కాబట్టి దానికి తెలిసిన వస్తువులు కొన్నే: రెసిస్టర్, కెపాసిటర్, ఇండక్టర్, సోర్సులు, డయోడ్, ట్రాన్సిస్టర్. ఆ కొద్ది రకాలనే వందల వేల సంఖ్యలో కలిపి వేగంగా లెక్కించడంలో అది ఆరితేరింది. మోడలికా దారి వేరు. హిల్డింగ్ ఎల్మ్‌క్విస్ట్ 1978లో స్వీడన్‌లోని లుండ్‌లో సమర్పించిన డాక్టరేట్ సిద్ధాంత గ్రంథంలో డైమోలా అనే భాషను ప్రతిపాదించారు. ఆ ఆలోచన నుంచే 1997లో మోడలికా తొలి నిర్వచనం వచ్చింది. ఏ శాస్త్రానికి చెందిన వస్తువైనా సరే, దాని సమీకరణాలను ఉన్నవి ఉన్నట్టుగా రాస్తే చాలు, వాటిని సాధించే క్రమాన్ని కంపైలర్ చూసుకుంటుంది అన్నది దాని మూలసూత్రం.

ఆ సూత్రం ఎలా పని చేస్తుందో ఒక్క రెసిస్టర్‌లో చూడవచ్చు. దానికి రెండు పిన్నులు ఉంటాయి, ప్రతి పిన్నుకూ ఒక పొటెన్షియల్, ఒక కరెంటు ఉంటాయి. వీటికి రెసిస్టర్ కొసల మధ్య వోల్టేజిని, దాని గుండా పోయే కరెంటును కలిపితే మొత్తం 6 చలరాశులు. వోల్టేజి అంటే రెండు పొటెన్షియళ్ల తేడా, లోపలికి వచ్చే రెండు కరెంట్ల మొత్తం సున్నా, కరెంటు అంటే మొదటి పిన్ను కరెంటు, ఆపైన ఓమ్ నియమం: ఇవి 4 సమీకరణాలు. మిగిలిన 2 సమీకరణాలు రెసిస్టర్‌ను వేరే వస్తువులతో కలిపినప్పుడు వస్తాయి. కలిసిన పిన్నుల పొటెన్షియళ్లు సమానమవుతాయి, ఫ్లో అని ప్రకటించిన కరెంట్ల మొత్తం సున్నా అవుతుంది. కిర్కాఫ్ నియమాలను మీరెక్కడా రాయనక్కర్లేదు, తీగ గీయడంతోనే అవి వచ్చేస్తాయి. ఉష్ణానికీ ఇదే పద్ధతి వర్తిస్తుంది: పొటెన్షియల్ స్థానంలో ఉష్ణోగ్రత, కరెంటు స్థానంలో ఉష్ణ ప్రవాహం. మోటారు షాఫ్టు దగ్గర కోణం, టార్కు. మీ పనికి మోడలికా నప్పడానికి ఇదే ముఖ్య కారణం. 1999లో ప్రమాణంగా వచ్చిన వీహెచ్‌డీఎల్-ఏఎంఎస్ అనే సర్క్యూట్ వర్ణన భాషలోనూ ఇలాంటి ఆలోచనే ఉంది, కాబట్టి కింద చెప్పే మాటల్లో చాలావరకు దానికీ వర్తిస్తాయి.

ఇక మీ మొదటి ప్రశ్న. మీరు డయోడ్‌కు పాఠ్యపుస్తకంలో ఉన్న ఘాతీయ సమీకరణాన్నే రాశారు. సంతృప్త కరెంటు 10⁻¹⁴ ఆంపియర్లు, థర్మల్ వోల్టేజి 25.85 మిల్లీవోల్టులు తీసుకుంటే 0.7 వోల్టుల దగ్గర ఆ సూత్రం దాదాపు 5.8 మిల్లీఆంపియర్లు ఇస్తుంది, అది సరైన విలువే. అయితే సమీకరణాలను సాధించే సాల్వర్ సమాధానాన్ని ఒక్కసారిగా కనుక్కోదు. న్యూటన్ పద్ధతిలో ఒక ఊహతో మొదలుపెట్టి సవరించుకుంటూ పోతుంది. ఆ ఊహల్లో ఏదో ఒకటి డయోడ్‌పై 5 వోల్టులు పెట్టిందనుకోండి. అదే సూత్రం ఇప్పుడు దాదాపు 10⁷⁰ ఆంపియర్లు ఇస్తుంది. ఊహ 18.4 వోల్టులు దాటితే ఘాతం 710 దాటుతుంది, డబుల్ ప్రెసిషన్ సంఖ్యలో అది పట్టదు, లెక్క అక్కడే ఆగిపోతుంది. మీ బస్సు 300 వోల్టులు. మొదటి క్షణంలో కెపాసిటర్ ఖాళీగా ఉంది కాబట్టి సోర్సు వోల్టేజి మొత్తం ఒక డయోడ్ మీద పడేలా ఊహ మొదలవడంలో ఆశ్చర్యం లేదు.

అదే సమీకరణం స్పైస్‌లో ఎందుకు నడుస్తుందని మీరు అడగవచ్చు. ఈ విషయంలో అత్యంత ముఖ్యమైన తేడా ఇక్కడే ఉంది. స్పైస్‌లో డయోడ్ అంటే ఒక సమీకరణం మాత్రమే కాదు, సాల్వర్‌తో మాట్లాడే ప్రోగ్రాం ముక్క కూడా. న్యూటన్ సవరణ జంక్షన్ వోల్టేజిని ఒక్క అంగలో మరీ దూరం నెట్టబోతే, డయోడ్ కోడే అడ్డుపడి ఆ అంగను కుదిస్తుంది. అప్పటికీ దారి దొరకకపోతే ప్రతి జంక్షన్‌కూ చిన్న కండక్టెన్స్‌ను తాత్కాలికంగా తగిలించి క్రమంగా తగ్గిస్తుంది, లేదా సోర్సులను సున్నా నుంచి మెల్లగా పెంచుతుంది. దశాబ్దాల అనుభవంతో చేరిన నేర్పు ఇది. మోడలికాలో మోడల్ రాసేవారు సమీకరణాలు మాత్రమే చెప్పగలరు, న్యూటన్ అంగల మధ్యలో చేయి పెట్టే అవకాశం భాషలోనే లేదు. సమీకరణాన్ని సాధన పద్ధతి నుంచి పూర్తిగా వేరు చేయడం ఆ భాషకు బలం, డయోడ్ దగ్గర మాత్రం అదే బలహీనత.

అందువల్ల ఆ జాగ్రత్తను సమీకరణంలోనే పెట్టాలి. ప్రామాణిక లైబ్రరీలోని సెమీకండక్టర్ డయోడ్ చేసేది అదే. వోల్టేజి ఒక హద్దు దాటాక ఘాతీయ వక్రాన్ని వదిలి, ఆ బిందువు దగ్గరి స్పర్శరేఖ మీదుగా సరళంగా సాగుతుంది. దాని డిఫాల్ట్ విలువల్లో థర్మల్ వోల్టేజి 0.04, హద్దు 15 కాబట్టి 0.6 వోల్టుల దాకా ఘాతీయం, ఆపైన సరళరేఖ. ఆ బిందువు దగ్గర కరెంటు సుమారు 3.3 ఆంపియర్లు. మీ బ్రిడ్జిలో దానికి ఎన్నో రెట్లు కరెంటు పోతుంటే ఆ విలువలను మార్చుకోవాలి. మార్చకుండా వదిలేస్తే సిమ్యులేషన్ నడుస్తుంది, డయోడ్ మాత్రం మీ డయోడ్ కాదు. సొంత సమీకరణమే కావాలనుకుంటే మీరూ ఈ స్పర్శరేఖ ఉపాయాన్నే వాడండి. దానితో పాటు 2010 నాటి 3.2 సంచిక నుంచి భాషలో ఉన్న హోమోటోపీ అనే సౌకర్యాన్ని పరిశీలించండి. మొదటి క్షణంలో డయోడ్‌ను సరళమైన రెసిస్టర్‌గా భావించి సాధించి, ఆ సమాధానం నుంచి అసలు సమీకరణం వైపు మెల్లగా జరపమని దానితో చెప్పవచ్చు. స్పైస్ తనంతట తాను చేసేదాన్ని ఇక్కడ మీరు చెప్పి చేయించుకుంటారు.

అయితే మీ ప్రశ్న మోటారు వేగం, హీట్‌సింక్ ఉష్ణోగ్రత గురించి. దానికి ఘాతీయ వక్రం అసలు అవసరం లేదు, ఆదర్శ డయోడ్ చాలు. కాబట్టి మీరు రెండోసారి ఎంచుకున్న దారే సరైనది, అయితే అందులో ఒక చిక్కు దాగి ఉంది.

ఆదర్శ డయోడ్ లక్షణ వక్రంలో ఒక అడ్డగీత, ఒక నిలువుగీత ఉంటాయి. కరెంటును వోల్టేజికి ప్రమేయంగా రాద్దామంటే నిలువుగీత దగ్గర కుదరదు, వోల్టేజిని కరెంటుకు ప్రమేయంగా రాద్దామంటే అడ్డగీత దగ్గర కుదరదు. అందుకని లైబ్రరీ రచయితలు వక్రం వెంట నడిచే ఒక మూడో చలరాశిని పెట్టారు. అది రుణంగా ఉన్నప్పుడు డయోడ్ ఆఫ్, అప్పుడది వోల్టులను కొలుస్తుంది. ధనంగా ఉన్నప్పుడు డయోడ్ ఆన్, అప్పుడది ఆంపియర్లను కొలుస్తుంది. ఎంతో అందమైన ఉపాయం. కానీ రెండు గీతలూ పూర్తిగా నిటారుగా, పూర్తిగా అడ్డంగా ఉండవు. ఆన్‌లో 10⁻⁵ ఓమ్‌ల నిరోధం, ఆఫ్‌లో 10⁻⁵ సీమెన్ల కండక్టెన్స్ డిఫాల్ట్‌గా ఉంటాయి. ఆఫ్ కండక్టెన్స్ 10⁻⁵ అంటే లక్ష ఓమ్‌ల రెసిస్టర్ అడ్డంగా పడి ఉన్నట్టే.

ఇప్పుడు మీ ఇన్వర్టర్‌ను చూడండి. మూడు కాళ్లు, ప్రతి కాలిలో పైన ఒక స్విచ్చు, ఒక డయోడ్, కింద ఒక స్విచ్చు, ఒక డయోడ్. అన్నీ ఆఫ్. ఈ 12 వస్తువుల్లో ప్రతిదాని మీదా 150 వోల్టులు నిలుస్తాయి. 150 వర్గాన్ని 10⁻⁵తో గుణిస్తే ఒక్కొక్క దానిలో 0.225 వాట్లు, 12 కలిపితే 2.7 వాట్లు. మోటారు ఆగి ఉన్నా మీ హీట్‌సింక్ మెల్లగా వేడెక్కుతున్నది ఈ 2.7 వాట్లతోనే. నిజమైన పరికరాల్లో లీకేజీ దీనికన్నా ఎంతో తక్కువ. 12 లేదా 24 వోల్టుల సర్క్యూట్‌లో ఈ డిఫాల్ట్ విలువ ఎవరి కంటా పడదు, 300 వోల్టుల దగ్గర వర్గం వల్ల పెద్దదై పైకి తేలుతుంది. నేను చూసిన పవర్ మోడళ్లలో ఎక్కువసార్లు కనబడిన తప్పు ఇదే, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అలాగని దాన్ని సున్నా చేయకండి. డయోడ్ బ్రిడ్జిలో నాలుగు డయోడ్లూ ఆఫ్‌లో ఉండే సమయాలు ప్రతి అర్ధచక్రంలోనూ వస్తాయి. అప్పుడు ఏసీ వైపు సర్క్యూట్‌ను గ్రౌండుతో కలిపేది ఈ చిన్న కండక్టెన్స్ ఒక్కటే. అది సున్నా అయితే ఏసీ వైపు పొటెన్షియల్ ఎంతో ఏ సమీకరణమూ చెప్పదు, సమీకరణాల మాత్రిక సింగ్యులర్ (ఒకే సమాధానం ఇవ్వలేనిది) అవుతుంది, సిమ్యులేషన్ ఆగిపోతుంది. గ్రౌండు పెట్టడం మరిచిపోయినప్పుడు వచ్చే దోషం కూడా సరిగ్గా ఇలాంటిదే. 10⁻⁸ సీమెన్లు పెట్టండి. పై 2.7 వాట్లు 2.7 మిల్లీవాట్లకు దిగుతాయి, మాత్రిక కూడా నిలబడుతుంది. ఆన్ నిరోధానికి, మోకాలి వోల్టేజికి (డయోడ్ ఆన్ అవడం మొదలయ్యే వోల్టేజికి) మాత్రం మీ పరికరం డేటాషీట్‌లోని విలువలు ఇవ్వాలి. డిఫాల్ట్ 10⁻⁵ ఓమ్‌లతో కండక్షన్ నష్టం దాదాపు సున్నా అవుతుంది.

ఇక్కడ మీరు అడగని, కానీ అడగవలసిన ఒక విషయం ఉంది. ఆదర్శ స్విచ్చు ఒక క్షణంలో మారిపోతుంది. నిజమైన పరికరం మారేటప్పుడు కొద్దిసేపు వోల్టేజి, కరెంటు రెండూ కలిసి ఉంటాయి, స్విచింగ్ నష్టం పుట్టేది అక్కడే. ఆదర్శ స్విచ్చులో ఆ కొద్దిసేపే లేదు కాబట్టి స్విచింగ్ నష్టం పూర్తిగా సున్నా. అంటే మీ మోడల్ ఆఫ్‌లో ఉన్నప్పుడు లేని వేడిని పుట్టిస్తోంది, నడిచేటప్పుడు ఉండవలసిన వేడిని మింగేస్తోంది. ఈ రెండు తప్పులూ ఎదురెదురు దిశల్లో ఉన్నాయి కాబట్టి ఒక నడక స్థితిలో ఉష్ణోగ్రత కొలతతో సరిపోయినట్టు కనబడవచ్చు కూడా. ఆ సరిపోలికను నమ్మవద్దు.

ఆ స్విచింగ్ నష్టాన్ని తేవలసిన చోటే స్పైస్ అవసరం. మీ పరికరానికి తయారీదారు ఇచ్చిన స్పైస్ మోడల్‌తో డబుల్ పల్స్ పరీక్షను (పరికరాన్ని రెండుసార్లు ఆన్ చేసి స్విచింగ్ శక్తిని కొలిచే పరీక్షను) సిమ్యులేట్ చేయండి. కొన్ని పదుల మైక్రోసెకన్ల పని. ఆన్ అయ్యేటప్పుడూ ఆఫ్ అయ్యేటప్పుడూ ఖర్చయ్యే శక్తి కరెంటుతో, వోల్టేజితో, జంక్షన్ ఉష్ణోగ్రతతో ఎలా మారుతుందో ఒక పట్టికగా రాసుకోండి. డేటాషీట్‌లో ఆ వక్రాలు ఉంటే ఇంకా మంచిది. ఆ పట్టికను మోడలికాలో చదివించి, ఆ శక్తిని స్విచింగ్ ఫ్రీక్వెన్సీతో గుణించి హీట్ పోర్టులోకి, అంటే ఉష్ణం ప్రవహించే పిన్నులోకి, వదలండి. నానోసెకన్లలో జరిగేదాన్ని నానోసెకన్ల సాధనం లెక్కిస్తుంది, నిమిషాల్లో జరిగేదాన్ని నిమిషాల సాధనం లెక్కిస్తుంది, మధ్యలో ఒక పట్టిక ప్రయాణిస్తుంది. నా దృష్టిలో ఈ రెండు సాధనాలనూ కలిపే పద్ధతుల్లో అన్నిటికన్నా గట్టిది ఇదే.

వేర్వేరు సిమ్యులేటర్ల మోడళ్లను కలిపే ఎఫ్ఎంఐ ప్రమాణం ద్వారా రెండు సిమ్యులేటర్లను పక్కపక్కనే నడిపి కలపవచ్చని మీకు ఎవరైనా చెప్పి ఉండవచ్చు. కుదురుతుంది. కానీ రెండూ ఒక అంగ ఆలస్యంతో విలువలు మార్చుకుంటాయి కాబట్టి కోసిన చోట లేని శక్తి పుట్టవచ్చు, ఉన్న శక్తి పోవచ్చు. తప్పదనుకుంటే సర్క్యూట్‌ను బస్సు కెపాసిటర్ దగ్గర మాత్రమే కోయండి. అక్కడ వోల్టేజి మెల్లగా మారుతుంది కాబట్టి ఒక వైపు నుంచి వోల్టేజి, రెండో వైపు నుంచి కరెంటు పంపితే ఆలస్యం అంతగా బాధించదు.

వేగం గురించి కొంత చెప్పాలి. 20 కిలోహెర్ట్జ్ దగ్గర మూడు కాళ్లకూ కలిపి ప్రతి చక్రంలో కనీసం 6 స్విచింగ్ ఘటనలు ఉంటాయి, అంటే సెకనుకు 1.2 లక్షలు. హీట్‌సింక్ వేడెక్కడం చూడటానికి 10 నిమిషాలు నడపాలంటే 7.2 కోట్ల ఘటనలు. ప్రతి ఘటన దగ్గరా సాల్వర్ ఆగి, ఘటన జరిగిన క్షణాన్ని వెతికి, మళ్లీ మొదలవ్వాలి. చాలా మోడలికా పనిముట్లలో డిఫాల్ట్‌గా ఉండే డాసెల్ కుటుంబపు సాల్వర్లు ఘటన తరువాత మొదటి ఆర్డరుతో, చిన్న అంగలతో మళ్లీ మొదలవుతాయి. నునుపైన సమస్యలకు ఎంతో మంచి పద్ధతి ఇది, స్విచింగ్ సర్క్యూట్లలో మాత్రం దాని బలం బయటపడక ముందే తరువాతి ఘటన వచ్చేస్తుంది. స్విచింగ్ వివరంతో నడిపేటప్పుడు పాత అంగల మీద ఆధారపడకుండా ఒక్కో అంగనూ విడిగా వేసే రాడౌ వంటి పద్ధతిని ఎంచుకోండి.

అయినా 7.2 కోట్ల ఘటనలు ఎవరికీ అక్కరలేదు. వస్తు ఆధారిత భాషగా మోడలికా అసలు విలువ ఇక్కడ తెలుస్తుంది. ఇన్వర్టర్ కాలికి ఒక సామాన్య రూపం రాయండి: రెండు డీసీ పిన్నులు, ఒక ఏసీ పిన్ను, ఒక డ్యూటీ సంకేతం (ప్రతి చక్రంలో పై స్విచ్చు ఆన్‌లో ఉండే వంతు), ఒక హీట్ పోర్టు. దాని నుంచి రెండు రూపాలను ఉత్పన్నం చేయండి. మొదటిది స్విచ్చులు, డయోడ్లు ఉన్నది. రెండోది సగటు మోడల్: ఏసీ వైపు డ్యూటీని బస్సు వోల్టేజితో గుణించిన వోల్టేజి సోర్సు, డీసీ వైపు అదే డ్యూటీని ఫేజు కరెంటుతో గుణించిన కరెంటు సోర్సు. రెండు వైపులా ఒకే డ్యూటీ వాడితేనే శక్తి నిలకడగా ఉంటుంది. కండక్షన్ నష్టాన్ని కాలిలోనే లెక్కించి, స్విచింగ్ నష్టాన్ని పైన చెప్పిన పట్టిక నుంచి తెచ్చి, రెండింటినీ హీట్ పోర్టుకు ఇవ్వండి. అదే మొత్తాన్ని డీసీ వైపు నుంచి కూడా తీసుకోవాలని మరవకండి. పై స్థాయి మోడల్‌లో కాలిని మార్చుకోదగినదిగా ప్రకటిస్తే, ఒక్క పంక్తి మార్చి 10 మిల్లీసెకన్ల రిపుల్ (స్విచింగ్ వల్ల వచ్చే చిన్న అలలు) పరీక్షకు స్విచ్చుల రూపాన్ని, 10 నిమిషాల ఉష్ణ పరీక్షకు సగటు రూపాన్ని వాడుకోవచ్చు. మోటారు, గేరు, కంట్రోలర్ ఏవీ మారవు.

కెపాసిటర్ల గురించి ఒక మాట. ఆదర్శ వోల్టేజి సోర్సుకు నేరుగా కెపాసిటర్ కలిపితే దాని వోల్టేజి స్వతంత్ర స్థితి కాకుండా పోతుంది. మోడలికా కంపైలర్ 1988లో పాంటెలీడెస్ ఇచ్చిన అల్గారిథంతో ఇది గుర్తించి, అవసరమైన సమీకరణాలను అవకలనం చేసి సరిదిద్దుతుంది. సోర్సు సైన్ తరంగమైతే ఇబ్బంది లేదు. మెట్టులా ఎగిరే సోర్సు అయితే అవకలనం చేయడానికి ఏమీ ఉండదు. పైగా ఈ పని కంపైల్ చేసేటప్పుడు ఒక్కసారే జరుగుతుంది కాబట్టి, నడుస్తుండగా ఒక ఆదర్శ స్విచ్చు మూసుకుని రెండు కెపాసిటర్లను నేరుగా కలిపితే కంపైలర్ చేయగలిగింది లేదు. బస్సు కెపాసిటర్‌కు దాని నిజమైన శ్రేణి నిరోధాన్ని ఇస్తే ఈ చిక్కు రాదు. అది ఎలాగూ నిజ జీవితంలో ఉన్నదే.

మూడో ప్రశ్నకు ఇప్పుడు సూటిగా చెప్పగలను: స్పైస్‌ను వదిలేయకండి. గేట్ డ్రైవర్ చిప్ లోపలి వివరం, ట్రాన్సిస్టర్ల స్థాయి ఆంప్లిఫయర్, నాయిస్ విశ్లేషణ వంటివి అక్కడే ఉండాలి. లైబ్రరీలో స్పైస్3 నుంచి తిరగరాసిన కొన్ని సెమీకండక్టర్ మోడళ్లు ఉన్నాయి, చిన్న సర్క్యూట్లకు పనికివస్తాయి. కానీ తయారీదారులు ఇచ్చే మోడల్ ఫైళ్లలో ఉండే ప్రత్యేక సూత్రాలను, గుప్తీకరించిన భాగాలను అవి చదవలేవు. ఇంకో మౌలిక కారణం కూడా ఉంది. స్పైస్‌లో వెయ్యి మాస్‌ఫెట్లు (ఒక రకం ట్రాన్సిస్టర్లు) ఉన్నా మాస్‌ఫెట్ కోడ్ ఒక్కటే, వెయ్యిసార్లు పిలవబడుతుంది. మోడలికా కంపైలర్లు సాధారణంగా ప్రతి నకలునూ విడివిడిగా విప్పి, సమీకరణాలన్నిటినీ ఒకే పెద్ద జాబితాగా చేస్తాయి. మీ 30, 40 వస్తువుల సర్క్యూట్‌కు అది మేలు చేస్తుంది, అనవసరమైనవన్నీ తీసేసి లెక్కను తగ్గిస్తుంది. వేల ట్రాన్సిస్టర్ల దగ్గర కంపైల్ కావడానికే ఓపిక చాలదు. ఏసీ విశ్లేషణ (ఫ్రీక్వెన్సీతో సర్క్యూట్ స్పందన ఎలా మారుతుందో చూడటం) కావాలంటే మాత్రం మోడల్‌ను ఒక పని బిందువు దగ్గర లీనియర్ చేసి మాత్రికలు పొందవచ్చు. స్విచ్చుల రూపంతో అది అర్థవంతంగా రాదు, సగటు రూపంతో చేయండి. కంట్రోల్ లూప్ డిజైన్‌కు అది సరిపోతుంది.

ఈ మార్పులు చేశాక హీట్‌సింక్ ఉష్ణోగ్రత చూడకముందే ఒక పరీక్ష పెట్టుకోండి. సోర్సు ఇచ్చిన శక్తిని, షాఫ్టు దగ్గర బయటికి వెళ్లిన శక్తిని, అన్ని హీట్ పోర్టుల్లోంచి పోయిన శక్తిని, కెపాసిటర్లలో, ఇండక్టర్లలో, తిరిగే జడత్వంలో నిలవ ఉన్న శక్తిలోని మార్పును నాలుగు సమాకలనాలుగా మోడల్‌లోనే రాసి, వాటి తేడాను ఒక చలరాశిగా గీయండి. స్విచ్చుల రూపంతో, సగటు రూపంతో రెండుసార్లు నడపండి. ఆ గీత రెండింటిలోనూ సున్నా దగ్గరే నిలవాలి. నిలవకపోతే ముందుగా సగటు రూపంలో డీసీ వైపు నష్టం తీసుకున్నారో లేదో చూడండి, ఆ తరువాత సాల్వర్ టాలరెన్స్‌ను (అది అనుమతించే దోషాన్ని) పదో వంతుకు తగ్గించి మళ్లీ నడపండి. ఆ గీతను, మీ కాలి మోడల్‌ను ఇక్కడ పెడితే తరువాత ఏం మార్చాలో కలిసి చూద్దాం.